గాజుపలక మీద మచ్చ

అక్షరాలు ముసలితనంలో నేర్చినదాన్ని. తప్పులకూ ఆలస్యానికీ మన్నించండి.

రాత్రిళ్లు ఆసుపత్రి ల్యాబు తుడుస్తాను. పోయిన నెల మా ఆయన తలకు దెబ్బ తగిలి ఈ ఆసుపత్రిలోనే పోయాడు. "ఈ పొద్దునే జారిపడ్డాడు" అని ఆయన్ని చేర్పించేటప్పుడు ఫారంలో రాశాను. నేను సొంతంగా రాసిన మొదటి మాట ఆ అబద్ధమే. అంతకు పది రోజుల ముందు గొడవలో నేనే తోశాను. బయటపడితే తలెత్తుకోలేనని ఆ పది రోజులూ వైద్యం చేయించలేదు.

నిన్న ల్యాబు డాక్టరమ్మ, పోస్టుమార్టంలో తీసిన ఆయన మెదడు ముక్క అతికించిన గాజుపలక చూపించింది. మధ్యలో గోరంత ఊదా మచ్చ ఉంది.

"దెబ్బ తగిలితే మెదడులో గ్లియా కణాలు పెరిగి, గాయం చుట్టూ దడి కడతాయి పెద్దమ్మా. దడిని బట్టి గాయం ఎన్నాళ్లదో చెప్పొచ్చు. రేపు చూస్తాను."

"మనిషి పోయాక కూడా పెరుగుతాయా?"

"భలేదానివే. మనిషే లేకపోతే దడి ఎవరికి?"

ఈ రాత్రి మచ్చ గాజు అంచు దాకా పాకింది. గుడ్డతో రుద్దినా పోలేదు. పలకను చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటమంటోంది, ఎండుపుల్లలు ఒక్కొక్కటే పాతుతున్నట్టు.

భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. నిజం రాయడానికి కూర్చున్నాను. "నేనే తోశాను" అని రాయగానే పలకలో చప్పుడు ఆగింది.

ఇప్పుడది నా కణత లోపల వినిపిస్తోంది.

ఇట్లు,
ఆయన భార్య, అరవై మూడేళ్లు, ల్యాబు వెనక గది.