పన్నెండు దగ్గర ముల్లు

పన్నెండు. మనిషికైతే అది చిన్న వయసు, డ్రైవరు సీట్లో కూర్చున్న పెద్దాయన మొదటిసారి రెంచీ పట్టుకున్న వయసు. గడియారంలో అయితే మిట్టమధ్యాహ్నం. వేడెక్కిన ఇంజనుకి మాత్రం అది చావు కబురు. ఒకే అంకె, ఎవరి ఒంట్లో ఉందన్నదాన్ని బట్టి ఎంత మారిపోతుందో కదా...

"నాన్నా! ఎంత?" వ్యాను కిందనుంచి కొడుకు కేక.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"పన్నెండు."

"మొదట్నుంచీ అంతేనా?"

"లేదురా. చల్లగా ఉన్నప్పుడు నలభై. వేడెక్కేకొద్దీ ముప్పై, ఇరవై... ఇప్పుడు పన్నెండు."

కింద రెంచీ నేలమీద పడిన చప్పుడు. పడలేదు, పడేశాడు.

ఆ షెడ్డులో పని పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఒకరు బండి కింద, ఒకరు సీట్లో. సీట్లో ఉన్నవాడు ఆయిలు ప్రెషరు ముల్లు ఎక్కడుందో అరిచి చెబుతాడు. కిందివాడు దాన్నిబట్టి చెయ్యి కదుపుతాడు. చెప్పిన అంకె నిజమో కాదో లేచొచ్చి చూడటం ఆ ఇంట్లో లేదు. చూస్తే తిట్టినట్టే. పాతికేళ్ళ కిందట తండ్రి కింద పడుకునేవాడు, సీట్లో కొడుకు. కాళ్ళు పెడళ్ళకి అందని ఆ వయసులోనూ వాడు ఒక్క అంకె తప్పు చెప్పలేదు.

నాలుగు రోజుల కిందట పెద్దాయన నడుపుతుండగా ఈ బడి వ్యాను ఎడమ అద్దం బడి గేటు స్తంభానికి తగిలి పగిలింది. లోపల పద్నాలుగుమంది పిల్లలు. ఎవరికీ గీత కూడా పడలేదు. వెనక సీట్లోంచి ఒక పిల్ల మాత్రం "తాతా, స్తంభం!" అని ముందే అరిచింది. ఆ అరుపు పెద్దాయన చెవిలోంచి ఇంకా దిగలేదు. నిద్రలో కూడా దానికి బ్రేకు వేస్తూనే ఉన్నాడు.

"అదెలా తగిలింది నాన్నా? నువ్వేంటి, స్తంభానికి గుద్దడమేంటి?" అన్నాడు కొడుకు ఆ రోజే.

"ముల్లు పడిపోతుంటే కంగారులో దాన్నే చూస్తున్నా. స్తంభం చూసుకోలేదు."

అంతే, వ్యాను షెడ్డులోకి వచ్చింది. పిల్లలు వేరే బండిలోకి వెళ్ళారు. సోమవారానికి బాగుచేస్తానని కొడుకు బడిలో మాటిచ్చాడు.

వాడు చెయ్యని పని లేదు. ఆయిలు మట్టం చూశాడు, సరిగ్గానే ఉంది. ఆయిలు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. ప్రెషరు కబురును డయలుకి మోసే సెన్సరు కొత్తది బిగించాడు. తీగల కొసలు గీకాడు. ఒక్కో పని అయ్యాక అదే ప్రశ్న, అదే జవాబు. ఒకసారి పెద్దాయన "పద్నాలుగు" అన్నాడు. కొడుకు ఈల వేసుకుంటూ బోల్టులు బిగించాడు. ఆ తర్వాత మళ్ళీ పన్నెండు. ఈల ఆగింది.

కోడలు కిటికీ దగ్గరికొచ్చింది.

"టీ చల్లారిపోయింది మామయ్యా. ఎదురుగానే పెట్టానుగా!"

"ధ్యాసంతా ముల్లు మీదుందమ్మా."

"బాగుంది. మీ అబ్బాయి నన్ను ఒక్కపూట ఇంత శ్రద్ధగా చూసుంటే నా బతుకు బంగారమయ్యేది."

కొడుకు నవ్వలేదు. ఇనుప కడ్డీ ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పెద్దాయన కూడా కళ్ళు మూసుకుని విన్నాడు.

"చప్పుడు లేదు నాన్నా. లోపల బేరింగులు అరిగితే టకటకమనాలిగా. పాలు పొంగుతున్నట్టుంది వింటుంటే."

"అవును."

"అవునేంటి? ముల్లు అబద్ధమాడదుగా. అంటే నా చెవికే పని తెలీదన్నమాట." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచినచోటే తుడుస్తున్నాడు. "నువ్వు వేలు పెట్టకుండా నేను కట్టిన మొదటి ఇంజనిది. రెండేళ్ళు కూడా నిలవలేదు. రేపట్నుంచి పంక్చర్లు వేసుకుంటా. దానికైతే బుర్ర అక్కర్లేదు."

"నీ పనిలో వంక లేదురా."

"మరెక్కడుంది వంక? నువ్వే చెప్పు!"

పెద్దాయన స్టీరింగును బొటనవేలితో రుద్దాడు. నలభై ఏళ్ళుగా ఎన్నో ఇంజన్ల రోగం ఇట్టే పట్టిన చెయ్యి అది.

గొలుసు కప్పీని లాక్కొస్తున్న చప్పుడు. ఇంజనును పైకి లేపి బయటికి దించడానికి. కొక్కెం ముందు బంపరుకి తగిలి ఠంగుమంది.

"ఆఖరిసారి అడుగుతున్నా నాన్నా. ఇరవై దాటితే వదిలేస్తా. లేదంటే దించి, మొత్తం విప్పేస్తా. ఆ తర్వాత ఇంజను జోలికెళ్తే చెప్పుతో కొట్టు."

ఇరవై దాటితే సోమవారం పొద్దున పద్నాలుగుమంది పిల్లలు ఎక్కుతారు. దాటకపోతే వాడు ఇక ఇంజను ముట్టుకోడు. ఇంత చిన్న డయలు, దాని వెనక ఇంత బరువు. ఇంజను మెల్లగా, తీరిగ్గా తిరుగుతోంది. దానికేం తొందర లేదు.

"ఎంత నాన్నా?" కొడుకు కిటికీ దగ్గరికొచ్చాడు. "చెప్పవేం?"

పెద్దాయన స్టీరింగు వదిలి, పక్క సీట్లోకి జరిగి, ఆయిలు వాసన వచ్చినవైపు చెయ్యి చాపి, దొరికిన కొడుకు మణికట్టును గట్టిగా పట్టుకుని, "నువ్వే ఎక్కి చూడరా, ఆ డయలులో ముల్లు నాకు కనబడి నెల దాటింది" అన్నాడు.