లిబోర్న్ రేవు దాకా

బోర్డో రేవులో పడవ కదిలీ కదలకముందే ముసలాయన సూపు గిన్నెలో సగం గ్లాసు ఎర్ర వైను ఒంపేశాడు.

గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు.

ఎదురుగా కూర్చున్న మాథిల్డ్ ఆ సూపు గిన్నె వంక ఒక చూపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"మా పల్లెల్లో అందరం ఇలాగే తాగుతామమ్మా. ఆ ఆఖరి గుక్కలోనే ఉంది మజా!" నవ్వాడాయన.

"పల్లెలో తాగండి. నా పళ్లెం ముందు కాదు."

ఆ పడవలో మొదటి పూట కూర్చున్న బల్లే వారమంతా. వారం రోజుల విహారం కాస్తా వారం రోజుల విచారం!

నిజానికి ఆమె వచ్చింది విహారానికి కాదు. నాలుగేళ్లప్పుడు లిబోర్న్ రేవులో నీళ్లలో పడిపోతే, ఓ జాలరి దూకి పైకి తీశాడు. రేవులో అందరూ అతన్ని 'మలుగు' అనేవారు, మలుగుపాములా ఈదుతాడని. అసలు పేరు అమ్మకీ తెలీదు.

"బతికుంటే వెళ్లి ఆ చేతులు ముద్దాడి రావే" అని పోయేముందు అమ్మ మాట తీసుకుంది.

ఫలానా పడవలో వస్తున్నానని లిబోర్న్ రేవు పక్క కాఫీ హోటలుకి మలుగు పేరిట ఉత్తరం కూడా రాసింది.

సాయంత్రం ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు లిబోర్న్‌లో దిగుతారు కదా? అక్కడ నేను..."

"మీ ఊరి సోది నాకొద్దు. సిల్వాన్!"

వడ్డించేవాళ్ల పెద్ద సిల్వాన్ పరుగున వచ్చాడు.

"ఈయన కోటు నిండా కలరా ఉండల కంపు. ఈ బల్ల దగ్గర ఆ ఉండలైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

పక్క బల్లలవాళ్లు పకపకా నవ్వారు.

ముసలాయన లేచి, వంటగది తలుపు పక్క బల్లకి వెళ్లిపోయాడు.

మర్నాడు బ్లాయ్‌లో పడవ ఆగగానే సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు.

"పీడ పోయింది," అంటూ మాథిల్డ్ రొట్టెకి ఇంకాస్త వెన్న రాసుకుంది.

మూడో రోజు లిబోర్న్. పూలగుత్తి పట్టుకుని కాఫీ హోటల్లోకి దూసుకెళ్లింది.

"మలుగు బతికే ఉన్నాడా? నేను మాథిల్డ్‌ని!"

హోటలావిడ మిరెయ్ గ్లాసు తుడవడం ఆపేసింది.

"బతికుండటమేంటి, నిక్షేపంగా ఉన్నాడు. కానీ... మీరు రాలేదన్నాడే!"

"ఎవరు?"

"మలుగే. మీ ఉత్తరం చూసి ఒక్కచోట నిలవలేకపోయాడు. లిబోర్న్ దాకా ఆగలేనంటూ బోర్డో వెళ్లి మీ పడవే ఎక్కాడు, అడిగి మరీ మీ బల్లే వేయించుకున్నాడు."

మాథిల్డ్ పూలగుత్తి బల్ల మీద పెట్టేసింది.

"నిన్న బ్లాయ్ బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడమ్మా... 'నేను నీళ్లలోంచి తీసిన పిల్ల ఆ పడవలో లేదు' అన్నాడు."