కలువ కాలి తిమ్మిరి

ఒంటికాలి జపం నేర్పే కొంగల బడిలో సీటంటే మాటలు కాదు. అది మురుగుగుంట కొంగపిల్ల గవ్వకు దొరికింది. గవ్వకు ఉన్నదే ఒక కాలు. రెండోది పొట్టలోకి ముడుచుకుందనుకుని పంతులు తెగ మెచ్చుకున్నాడు.

బడి వదలగానే అందరూ రెండో కాలు దించి దర్జాగా నడిచారు. గవ్వ ఉన్నచోటే నిలబడిపోయింది. గెంతితే గుట్టు బయటపడుతుంది, లేని కాలు ముడిచేదేముందని పంపేస్తారు.

"ఏమే మురుగుగుంటా, నడక రాదా?" అని ఒకడు వెక్కిరించాడు.

తామరకొలను వాళ్ల పిల్ల కలువ, గవ్వ పొట్ట కిందికి ఓసారి చూసింది. దించిన కాలు మళ్లీ ముడుచుకుంది.

"నా కాలు తిమ్మిరెక్కిందే గవ్వా. గెంతుకుంటూ పోదాం, తోడు రావూ?" అంది.

ఆనాటి నుంచి బడి వదిలినప్పుడల్లా కలువ కాలు తిమ్మిరెక్కుతూనే ఉంది. ఆ కాలు చల్లగా ఉండాలని గవ్వ రోజూ మొక్కుకుంటోంది.