చీమలు విన్న పాట

ఒక అడవిలో మూడేళ్ళకోసారి పాటల పోటీ పెట్టేవారు. సముద్రాలు దాటి మరీ పిట్టలు వచ్చేవి. ఆసారి గెలిచింది ఒక బూడిదరంగు వలసపిట్ట. గెలిచినవాళ్ళు పోటీకి సాయం చేసిన దాత ఎదుట మరో పాట పాడాలి. అది అక్కడి ఆనవాయితీ. పందిరికి ఈకలిచ్చిన నెమలి ముందు వరసలో మెడ నిక్కించి కూర్చుంది.

"ఈ పది రోజులూ మాకు తిండి పెట్టిందెవరు మామా?" అని పిట్ట అడిగింది.

"చీమలమ్మా," అంది పోటీ నడిపే కాకి. "మోసే ప్రతి పదో గింజా మన అతిథులకని పక్కన పెడతాయి. పాపం, వాటికి చెవులు లేవు. అందుకే పిలవం."

"అయితే ఈ పాట వాటికే," అంటూ పిట్ట కొమ్మ దిగింది.

"నెమలిగారికి కోపమొస్తే వచ్చేసారి పందిరుండదు తల్లీ!" కాకి కంగారుపడింది.

"పందిరి లేకపోతే ఎండలో పాడతాం. ఆ గింజలే లేకపోతే, అంత దూరం ఎగిరొచ్చిన నాకు గొంతే పెగిలేది కాదు."

పిట్ట చీమల పుట్ట పక్కన నేలకి రొమ్ము ఆనించి పాడింది. మట్టి సన్నగా అదిరింది. ఏనుగు పక్కనుంచి నడిచినా ఆగని చీమల బారు ఆగిపోయింది. నెమలి కూడా నిక్కించిన మెడ వంచి వింది.

ఒక ముసలి చీమ నెత్తిమీది గింజ దించి, ఆరు కాళ్ళూ నేలకి గట్టిగా ఆనించి నిలబడింది. పాట అయిపోయాక పక్క చీమతో మెల్లగా అంది:

"మనమిచ్చిన గింజలు ఇంత బాగుంటాయని ఇన్నాళ్ళూ తెలియనే లేదే!"