ఏడో నంబరు బండి

ఫొటో స్టూడియో ముందుగదిలో గోడల నిండా పాత లారీల బొమ్మలే.

కట్టెలు మోసినవి, నీళ్లు మోసినవి, రాళ్లు మోసినవి.

స్టూడియో యజమాని పదిహేనేళ్లు తిరిగి పోగుచేసిన ఫొటోలవి. ఆ ఆదివారం తెలిసినవాళ్లందర్నీ చూడ్డానికి పిలిచాడు.

"ఈ చెక్క క్యాబిన్ చూడండి. ఎక్కడా ఒక్క మేకు కనబడదు. ముందు జాలీ అసలైన ఇత్తడి. ఇది క్వారీలో ఏడో నంబరు బండి. మా నాన్న తోలిన బండి. రాణిలా ఉండేది!"

"రాణి కాదు, రాక్షసి."

అందరూ వెనక్కి తిరిగారు.

ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, చంకలో గొడుగు.

"ఏమన్నారు పెద్దాయనా?"

ముసలాయన తల తిప్పి, కుడి చెవి ఒగ్గి విన్నాడు.

"బ్రేకులు లేని బండిని గోడకెక్కించి మురిసిపోతున్నావేంటి అన్నాను. వెనక చక్రం కింద చూడు. రాయి అడ్డం పెట్టారు. అది తీస్తే ఫొటోకి కూడా నిలబడేది కాదు."

అందరూ ముందుకు వంగి చూశారు.

నిజమే. రాయి ఉంది.

ఆ ఫొటోని వందసార్లు తుడిచినవాడికి అది ఒక్కసారీ కనబడలేదు. ముఖం జేవురించింది.

"మా నాన్న ఆరేళ్లు తోలాడు దాన్ని. ఒక్క గీత పడలేదు!"

"తోలాడులే. పొగరుగా తోలాడు. చెబితే వినే రకమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

అంతే. యజమాని ముసలాయన రెక్క పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకెళ్లాడు.

"పోయినవాణ్ణి ఆడిపోసుకోడానికి వచ్చావా? ఇంకోసారి ఈ మెట్టెక్కితే కాళ్లు విరగ్గొడతా!"

గొడుగు రోడ్డు మీదకి విసిరేశాడు.

ముసలాయన దాన్ని తీసుకుని, దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే యజమాని ఫొటో కింది అంచు కత్తిరించి, రాయి కనబడకుండా మళ్లీ ఫ్రేము కట్టాడు.

పది రోజుల తర్వాత పక్క షెడ్డులోని వెల్డర్ చెప్పాడు.

"ఆ రోజు నువ్వు గెంటేసిన పెద్దాయన పోయాడట. నిన్న పొద్దున ఆస్పత్రిలో."

"పీడ విరగడైంది" అన్నాడు యజమాని.

ఆ మాట అప్పుడే మెట్లెక్కుతున్న తల్లి చెవిన పడింది.

"ఎవర్రా పోయింది?"

జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఆయనకి ఎడమ చెవి వినబడదా?"

"అవుననుకుంటా. తల తిప్పి తిప్పి విన్నాడు. నీకెలా తెలుసు?"

"అది మీ నాన్న కొట్టిన దెబ్బరా."

కొడుకు గోడ మీది ఫొటో వైపు తిరిగాడు.

"క్వారీలో మెకానిక్కు ఆయన. ఆ రోజు లోడుతో కొండ దిగాలి. బ్రేకులు పట్టడం లేదు, కదల్చొద్దన్నాడు. మీ నాన్న వినలేదు. దాంతో ఆయన చక్రం విప్పేసి అడ్డంగా నిలబడ్డాడు. మీ నాన్న ఆయన చెవి మీద ఒక్కటిచ్చాడు. రక్తం కారుతున్నా ఆయన కదల్లేదు."

"తర్వాత?"

"ఓనరు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. కొట్లాడినందుకు మీ నాన్నని రెండు రోజులు రావద్దన్నాడు. మర్నాడు చక్రం బిగించి ఇంకో డ్రైవరుకిచ్చారు. బండీ రాలేదు, అతనూ రాలేదు. కాళ్లు పట్టుకుందామని మీ నాన్న బతికినంతకాలం ఆయన కోసం వెతికాడు."

ఆవిడ కుర్చీలో కూలబడింది.

"అప్పుడు నాకు ఆరో నెల. నువ్వు రెక్క పట్టుకుని గెంటేసింది, నిన్ను తండ్రి లేని బిడ్డగా పుట్టనివ్వనివాణ్ణి రా."