రోజూ ఐదు నిమిషాలు

నా భార్య శ్రీసత్య పోయిన రోజు నుంచి మా కారు గేటు దాటలేదు. నడిపేది ఆమే. ఆయిల్ మార్చడానికి కంచరపాలెం నుంచి మెకానిక్ తవిటయ్య ఇంటికే వచ్చి బానెట్ ఎత్తాడు.

“అన్నిటికంటే మంచిది వెయ్యి తవిటయ్యా. ఇంజను పాడవకూడదు,” అన్నాను. ఒకచోట నిలవలేక కారు చుట్టూ తిరుగుతున్నాను.

“ఒకసోట ఉండండి మాస్టారూ, నా బుర్ర తిరిగిపోతంది.” ఆయిల్ పోసేచోటి మూత విప్పి తిరగేసి చూపించాడు. దానికి పాలకాఫీ రంగు నురగ అంటుకుని ఉంది. “ఇదేటి? బండి స్టార్టు సేత్తన్నారా?”

“రోజూ పొద్దున ఐదు నిమిషాలు.”

స్టార్టు చేశాక, ఎప్పటిలాగే ఎడమవైపు సీట్లోకి మారి కూర్చుంటానని చెప్పలేదు.

“అదే పాడుసేత్తంది. ఇంజను బాగా ఏడెక్కకుండానే ఆపేత్తన్నారు. లోపలి సెమ్మ ఆరక ఆయిల్లో కలిసిపోతంది. ఇమానానికి పోసే ఆయిల్ తెచ్చినా ఇంతే.”

ఆ ఐదు నిమిషాలతోనే కారును కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

“మరి ఏది వెయ్యాలి?”

“మేడంగారు ఏయించిందే సాలు. కానీ బండి రోడ్డెక్కాల. వారానికోసారి ఊరు దాటి సబ్బవరం దాకా ఎల్లి రావాల. ఎవులు నడుపుతారు?”

తిరగడం ఆపాను. “నేనే. నేర్చుకుంటాను,” అన్నాను.

“అయితే ఏత్తాను,” అని పాత ఆయిల్ దింపడానికి కారు కిందికి దూరాడు.

ఆ సాయంత్రం ద్వారకా నగర్ వెళ్లి, డ్రైవింగ్ స్కూలు బోర్డు మీది నంబరు రాసుకొచ్చాను. ఇంకా ఫోన్ చేయలేదు.