మణికట్టు కబురు

అప్పలకొండ సెలవు మీద ఇంటికొచ్చాడన్న మాటే గానీ, ధ్యాసంతా మణికట్టు మీదే. ఆ కాలంలో సిపాయిలకు చర్మం కింద సన్నని తీగ పెట్టేవారు. సరిహద్దులో జంట సిపాయి తన చేతిని వేలితో తడితే, ఇక్కడ ఇతని చెయ్యి అదిరేది. ఆ జంట సిపాయి ఆడమనిషి. అదీ పెళ్ళాం పైడితల్లి కడుపుమంట.

"ఏటంతంది?" అంది పులుసు వడ్డిస్తూ.

"బతికే ఉన్నానంతంది. పూటపూటకీ చెప్పుకోవాల."

"మరి నవ్వెందుకు?"

అతను తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళకు చెయ్యి అదరలేదు. అతను అన్నం ముట్టలేదు. పీడా పోయిందనుకోబోయిన పైడితల్లి, మొగుడి మొహం చూసి పక్కనే కూలబడింది. పులుసు చల్లారాక చెయ్యి అదిరింది. అతను కళ్ళు తుడుచుకుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"బతికే ఉందా?"

"ఉంది."

"పోన్లే," అంది మనస్ఫూర్తిగానే. "నాకు జొరమొచ్చినప్పుడు మాత్రం మారు వడ్డించుకుని మరీ తిన్నావు."